పరదేశి ధ్యానాలు – 41: పాలిచ్చేవాటి నడక

కువైట్‌లో, సౌదీలో, దుబాయ్‌లో, దోహాలో, మస్కట్‌లో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఇక్కడ ఇంగ్లండ్‌లో మాతో ఉన్నవాళ్లకు హేస్ నుంచి ఈ వారం ధ్యానం పంపుతున్నాను. డ్యూటీలో ఉన్నవాళ్లు ఇప్పుడే చదవక్కరలేదు. రూముకు పోయి, స్నానం చేసి, అన్నం తిని, నెమ్మదిగా చదవండి.

వాక్యభాగం: ఆదికాండం 33వ అధ్యాయం 13, 14 వచనాలు. దాంతోపాటు 31వ అధ్యాయం 38 నుంచి 42 వరకు. బైబిల్ తీసి చదివి, తర్వాత ఇది చదవండి.

ఈ వారం మాట్లాడేది పాడి గురించి. ఇదేం ధ్యానం, పశువుల డాక్టరు చెప్పాల్సింది గదా అనుకోవద్దు. మనలో ఎంతోమంది ఇక్కడ సంపాదించిన మొదటి డబ్బుతో అప్పు కట్టినారు, రెండో డబ్బుతో ఇంటికాడ ఒక బర్రెనో రెండు ఆవులనో కొనిచ్చినారు. కోస్తా వాళ్లు గేదె అంటారు, మా కడప వైపు బర్రె అంటాం. పేరు ఏదైనా, ఆ కొట్టంలో కట్టేసిన మూగజీవి మీద మన ఇంటి ఖర్చు నడుస్తోంది. దాని గురించి దేవుని వాక్యంలో చాలా ఉంది.

*1. యాకోబు మనలాంటివాడే*

యాకోబు ఇల్లు వదిలి పరాయి దేశం పోయినాడు. చేతిలో ఒక కర్ర తప్ప ఏమీ లేదు. మేనమామ లాబాను దగ్గర పనికి కుదిరినాడు. పద్నాలుగేండ్లు భార్యల కోసం, ఆరేండ్లు మంద కోసం, మొత్తం 20 ఏండ్లు. జీతం పదిసార్లు మార్చినారని ఆయనే చెప్పుకున్నాడు. పగలు ఎండ కాల్చింది, రాత్రి చలి కొరికింది, కంటికి నిద్ర లేదు. అడవి మృగం చీల్చిన గొర్రె నష్టం కూడా ఆయన లెక్కలోనే వేసినారు. ఇది చదివితే మన కథ చదివినట్టు ఉంటుంది గదా. చెప్పిన జీతం ఒకటి, చేతికి వచ్చింది ఒకటి. పోయిన సామానుకు జీతంలో కోత. ఇదంతా మనం ఎరిగిందే.

అయితే లాబాను ముందు నిలబడి యాకోబు తన పనికి సాక్ష్యంగా మొట్టమొదట ఏం చెప్పినాడో గమనించండి. ఇన్ని వేల గొర్రెలు చేసినాను అనలేదు. ఈ ఇరవై ఏండ్లలో నీ గొర్రెలు గాని మేకలు గాని ఈసుకుపోలేదు అన్నాడు. అంటే చూడి పోగొట్టుకోలేదు, కడుపులో పిల్లను నేలపాలు చేసుకోలేదు. మనుషులు ఎవరూ లెక్క రాయని పని అది. పుట్టిన పిల్లను ఎవడైనా లెక్కపెడతాడు. కడుపులో పిల్ల పోకుండా కాపాడినవాని పని ఏ పుస్తకంలో రాస్తారు?

నేను కువైట్‌లో కబద్ వైపు ఆరేండ్లు గొర్రెల దొడ్లలో పని చేసినాను. అందుకే ఆ వచనం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. చూడి గొర్రెలను మంద మంద ఒకే ఇరుకు గేటులో తోలితే ఒకదాని పొట్ట ఒకటి గుద్దుకుంటుంది. కుక్కను వదిలితే బెదిరి పరుగెత్తుతాయి. బూజు పట్టిన మేత పెట్టినా, నీళ్లు చాలకపోయినా, ఎండలో నీడ లేకపోయినా ఈసుకుపోతాయి. రోగాల వల్ల కూడా పోతాయి. దాంట్లో ముఖ్యమైనది బ్రూసెల్లోసిస్, మన పశువుల డాక్టర్లు ఈసుడు రోగం అంటారు. కాబట్టి ఇరవై ఏండ్లు ఈసుకుపోలేదు అన్నాడంటే, ఇరవై ఏండ్లు కర్ర మెల్లగా వాడినాడు, గేటు దగ్గర ఓపిక పట్టినాడు, నీళ్లు, నీడ చూసినాడు. అన్నిటికీ మించి దేవుని చెయ్యి ఆ మంద మీద ఉంది.

మనుషులు చూడకపోయినా దేవుడు చూసినాడు. 42వ వచనంలో యాకోబు అదే అంటాడు: నా బాధను, నా చేతుల కష్టాన్ని దేవుడు చూసినాడని. మీ పేస్లిప్పులో రాని కష్టం ఒకటుంది చూడండి, అది ఆయన పుస్తకంలో ఉంది.

*2. ఫోనులో మనం అడిగే మొదటి మాట*

ఇప్పుడు ఇంటికాడికి పోదాం. భార్యనో అమ్మనో బర్రెను చూసుకుంటోంది. మనం రాత్రి ఫోను చేస్తాం. బాగున్నారా అంటాం, తిన్నారా అంటాం, ఆ వెంటనే అడిగే మాట: "ఈ పూట ఎన్ని లీటర్లు?" నాలుగు అంటే, మొన్న ఐదు ఇచ్చింది గదా, ఏం చేస్తున్నావు నువ్వు అంటాం. ఎనభై వేలో లక్షో అప్పు తెచ్చి కొన్నాం కాబట్టి మన కడుపు మంట మనకుంటుంది. నిజమే. కానీ అటువైపు ఉన్న మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పిండి, కేంద్రానికి మోసి, పిల్లలను బడికి పంపి, మళ్లీ గడ్డికి పోయింది. ఆ మనిషికి లీటర్ల లెక్క ఎట్లా వినిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. లాబాను యాకోబును అడిగినట్టే వినిపిస్తుంది.

సామెతల గ్రంథం 27వ అధ్యాయం 23వ వచనం చూడండి. మంద ఎట్లా ఉందో, దాని స్థితి ఏమిటో బాగా తెలుసుకోమని ఉంది. ముందు స్థితి. ఆ అధ్యాయం చివరికి వచ్చినాక, అప్పుడు ఇంటివాళ్లకు, పనిపిల్లలకు సరిపడా మేకపాలు ఉంటాయని ఉంది. స్థితి ముందు, పాలు తర్వాత. దేవుడు పెట్టిన వరస అది. మనం పాలు ముందు అడిగి స్థితిని అడగడమే మరచిపోతున్నాం.

*3. చేపు బలవంతాన రాదు*

పాలు పిండే అక్కలకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దూడను విడిస్తే అది తల్లి పొదుగును మూతితో పొడుస్తుంది, నాలుగు గుటకలు తాగుతుంది, అప్పుడు బర్రె చేపుతుంది. పాలు పొదుగులో ఉన్నా, చేపకపోతే చేతికి రావు. ఎందుకంటే ఆ తాకుడు మెదడుకు చేరి, అక్కడి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది పొదుగును చేరితే ఒకట్రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి. కొద్ది నిమిషాలే ఆ ధార ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా కర్రతో కొట్టినా, కొత్త మనిషి వచ్చి అరిచినా, కుక్క మొరిగినా, భయం హార్మోను అడ్డం పడి పాలు బిగబడతాయి. పిండే మనిషి చెయ్యి, గొంతు, వాసన దానికి తెలుసు. అందుకే అమ్మ ఊరికి పోతే బర్రె తన్నేది.

అదే హార్మోను మన తల్లుల్లో కూడా ఉంది. బిడ్డ ఏడుపు వింటేనే పాలు వచ్చేది దానివల్లే. సృష్టికర్త పాలను ప్రేమతో, నమ్మకంతో ముడివేసినాడు.

ఇది చదివే అక్కచెల్లెళ్లలో చంటిబిడ్డను అమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కినవాళ్లు ఉన్నారు. వేరే ఇంట్లో వేరే వాళ్ల బిడ్డ ఏడ్చినప్పుడు మీ రవిక తడిసిన రోజులు ఉన్నాయని నాకు చెప్పినవాళ్లు ఉన్నారు. అమ్మా, ఆ సంగతి ఏ కాంట్రాక్టులోనూ రాయలేదు. తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను మరువనని యెషయా 49వ అధ్యాయంలో మాట ఇచ్చిన దేవుడు, మరువలేక మరువలేక బతుకుతున్న తల్లిని మరుస్తాడా? ఈ రాత్రి ఆ మాట పట్టుకుని పడుకోండి.

తిరిగి కొట్టం దగ్గరికి వస్తాను. దూడ చచ్చిపోతే బర్రె చేపదు. అప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూది వేసి పూట పూటా పిండుతారు. సూది అలవాటైతే అది లేకుండా చేపడం కష్టమవుతుంది. పశువుకు హాని చేసే సూదులు వేసి పాలు పెంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో 12వ సెక్షన్ కింద నేరం. పాలు తగ్గాయని మనం ఇక్కడి నుంచి కేకలేస్తే, అక్కడ ఆ ఇల్లాలు భయపడి అలాంటి సూదికే పోతుంది. ఆ పాపంలో కేకలేసినవాని వాటా కూడా ఉంటుంది.

*4. మొదటి పాలు ఎవరివి?*

లేవీయకాండం 22:27, నిర్గమకాండం 22:30 చూడండి. దూడ గాని గొర్రెపిల్ల గాని మేకపిల్ల గాని పుడితే ఏడు దినాలు తల్లి దగ్గరే ఉండాలని, ఎనిమిదో దినం నుంచే బలికి తేవచ్చని ఉంది. దేవుడు తన బలిపీఠానికి కూడా ఆ ఏడు దినాలు ఆగినాడు. తన వంతు కంటే ముందు పిల్లకు తల్లి వంతు ఇచ్చినాడు.

ఈనినప్పుడు మనకు గుర్తొచ్చేది జున్ను. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వండిన జున్ను అంటే నాకూ ఇష్టమే. కానీ దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. ఆవు, బర్రె కడుపులో ఉండగా ఆ శక్తి తల్లి రక్తం నుంచి దూడకు చేరదు. అది జున్నుపాలలోనే వస్తుంది. దూడ పేగులు ఆ శక్తిని పీల్చుకునేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో ఎక్కువ. గంట గంటకు ఆ తలుపు మూసుకుపోతుంది. కాబట్టి పుట్టిన గంట రెండు గంటల్లోపే తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు పాలు దానికి పోవాలి. ముప్పై కిలోల దూడ అయితే మూడు లీటర్లు. మాయ పడేదాకా తాగించకూడదు అని కొన్ని ఊళ్లలో పట్టుదల ఉంది. అది దూడ ప్రాణం మీదికి తెస్తుంది. దూడ తాగితే తల్లికి వచ్చే ఆ హార్మోనే మాయ పడటానికి సాయం చేస్తుంది. సగం రోజు దాటినా మాయ పడకపోతే చెయ్యి పెట్టి లాగకుండా డాక్టరును పిలవాలి.

మగదూడ పుడితే చాలాచోట్ల దాన్ని ఆకలికి వదిలేస్తారు. పాలు అమ్ముకోవచ్చు గదా అని. దూడ పోతే చేపు పోతుంది, చేపు పోతే పాలు పోతాయి. లోభికి మూడింతల ఖర్చు అని పెద్దలు ఊరికే అనలేదు.

*5. వట్టిపోయిన కాలం కూడా పనే*

బర్రె చూడి దినాలు సుమారు 310, అంటే పది నెలల పది రోజులు. ఆవుకు సుమారు 280. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండటం ఆపేయాలి. ఆ రెండు నెలలు లీటరు కూడా రాదు, మేత మాత్రం తగ్గించకూడదు. ఫోనులో మనకు కోపం వచ్చేది సరిగ్గా అప్పుడే. "పాలు లేవు, దాణా ఖర్చు ఎందుకు?" అంటాం. కానీ కడుపులో దూడ ఎక్కువ బరువు పెరిగేది చివరి రెండు మూడు నెలల్లోనే. అరిగిపోయిన పొదుగు లోపలి కండ మళ్లీ కొత్తగా పుట్టేది కూడా అప్పుడే. చివరిదాకా పిండితే, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. ఊరికే తింటోంది అనుకునే ఆ రెండు నెలల్లో అది వచ్చే ఏడాది పాలు తయారు చేసుకుంటోంది.

విశ్రాంతి దినం ఎందుకని నిర్గమకాండం 23:12లో అడిగి చూడండి. నీ ఎద్దు, నీ గాడిద విశ్రాంతి తీసుకోవాలని, నీ దాసి కొడుకు, నీ దగ్గర ఉన్న పరదేశి ఊపిరి పీల్చుకోవాలని ఉంది. పశువును, పరదేశి కూలివాణ్ణి దేవుడు ఒకే వచనంలో పెట్టినాడు. నాకు ఆ వచనం చిన్నచూపు అనిపించదు. మనిద్దరి అలసట ఆయనకు తెలుసు అనిపిస్తుంది. అన్నా, తమ్ముడూ, ఓవర్‌టైమ్ దొరికిందని వరసగా ముప్పై రోజులు చేసే నీకు కూడా ఇది. నీ ఒళ్లు దేవుడిచ్చింది. అది విరిగితే ఇంటికాడ పొయ్యి ఆరుతుంది.

పాలు ఒక్కటే చూసి పరుగెత్తితే ఏమవుతుందో పెద్ద దేశాలు కూడా నేర్చుకున్నాయి. ఇక్కడ ఇంగ్లండ్‌లో నలుపు తెలుపు మచ్చల ఆవు ఏడాదికి సుమారు 8,000 లీటర్లు ఇస్తుంది. పాలు పెరిగే ఆంబోతులనే ఎంచుకుంటూ పోయినకొద్దీ ఆవులు చూడి నిలవడం కష్టమైందని, కాళ్ల జబ్బులు, పొదుగు జబ్బులు పెరిగాయని గత శతాబ్దం చివర్లో గమనించినారు. నార్వే రైతులు 1970లలోనే పాలతో పాటు చూడి నిలవడం, పొదుగు ఆరోగ్యం కూడా లెక్కలో పెట్టి ఆంబోతులను ఎంచుకున్నారు. తర్వాత మిగతా దేశాలు ఆ దారికి వచ్చినాయి. యాకోబు ఏశావుకు పంపిన కానుక లెక్క చూడండి, ఆదికాండం 32లో. 200 మేకలకు 20 పోతులు, 200 గొర్రెలకు 20 పొట్టేళ్లు, 40 ఆవులకు 10 ఆంబోతులు, పాలిచ్చే 30 ఒంటెలు పిల్లలతో సహా. పిల్లలను విడదీయలేదు. మందకు మందకు మధ్య ఎడం ఉంచమన్నాడు. పశువు సంగతి తెలిసినవాడు పంపిన కానుక అది.

*6. మెలకువగా ఉన్నవాళ్లకే తెలుస్తుంది*

బర్రెతో ఇంకొక చిక్కు. ఆవు ఎదకొస్తే అరుస్తుంది, ఊరంతా తెలుస్తుంది. బర్రె చాలాసార్లు మూగ ఎదకొస్తుంది. అరవదు. తీగలు, కొద్దిగా వాపు, మేత తగ్గడం, మాటిమాటికి మూత్రం, పాలు కొంచెం తగ్గడం, అంతే గుర్తులు. అవి కూడా రాత్రిళ్లు, తెల్లవారుజామున ఎక్కువ. ఎండాకాలంలో ఇంకా తగ్గుతాయి. నల్లని తోలు, చెమట తక్కువ కాబట్టి దానికి నీళ్లు, నీడ, మడుగు కావాలి. ఒక ఎద తప్పిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. రెండు మూడు తప్పిపోతే రెండు నెలలు ఖాళీ మేపు. మన అప్పు తీరకపోవడానికి చాలా ఇళ్లలో అసలు కారణం ఇదే. పాలు తక్కువ కావడం కంటే ఈతకు ఈతకు మధ్య కాలం సాగడం వల్ల ఎక్కువ నష్టం. ఈనిన మూడు నాలుగు నెలల్లో చూడి నిలిస్తేనే 13, 14 నెలలకు ఒక ఈత వస్తుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది చేయించాలని డాక్టర్లు చెప్తారు. ఆ తర్వాత మూడో నెలలో చూడి పరీక్ష చేయించాలి.

ఈ గుర్తులు ఎవరు కనిపెడతారు? తెల్లవారుజామున లాంతరో టార్చో పట్టుకుని కొట్టంలో నిలబడే ఆ ఆడమనిషి. ఇక్కడి నుంచి మనం వీడియో కాల్‌లో కనిపెట్టలేం. ఆమె కళ్ల మీద మన అప్పు ఆధారపడి ఉంది. కాబట్టి ఆమె చెప్పిన మాట వినండి. "ఈ రోజు ఎందుకో మేత ముట్టలేదు" అని ఆమె అంటే, సరేలే అని ఫోను పెట్టేయొద్దు. డాక్టరును పిలిపించు, డబ్బు నేను పంపుతా అనండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ ఉంది. ఆ నంబరు ఇంటి గోడ మీద రాయించండి.

*7. నా పశువు, పొరుగువాని పశువు*

మా హేస్ పక్కనే సౌతాల్ ఉంది. మన గుంపులో చాలామంది కూరగాయలకు అక్కడికే పోతారు. అక్కడ 1698లో మూడో విలియం రాజు ఇచ్చిన అనుమతితో వారం వారం పశువుల సంత మొదలైంది. ఇప్పుడు బట్టలు, బంగారం, మిఠాయిలు అమ్మే ఊరు ఒకప్పుడు మన ఊరి సంతలాగే ఉండేది. సంత అంటే పశువులు కలిసే చోటు. కలిసిన చోట రోగం కూడా కలుస్తుంది.

2001లో ఈ దేశంలో గాలికుంటు వచ్చింది. ఫిబ్రవరిలో ఒక కబేళాలో పందుల్లో బయటపడింది. అప్పటికే సంతల ద్వారా గొర్రెలతో దేశమంతా పాకిపోయింది. ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపేసినారు. సరిగా ఉడికించని ఎంగిలి కూడు పందులకు పెట్టడం వల్ల మొదలై ఉంటుందని విచారణ చేసినవాళ్లు నమ్మినారు. ఒక్క దొడ్డిలో ఒక్కని నిర్లక్ష్యం, వేల రైతుల కన్నీళ్లు.

అందుకే హీత్రోలో దిగే మనవాళ్లకు ఒక మాట. భారతదేశం నుంచి మాంసం, పాలు, పాల పదార్థాలు ఈ దేశంలోకి తేవడం నిషేధం. అమ్మ ప్రేమగా కాచిన నెయ్యి, కోవా, మాంసం పచ్చడి అన్నీ అందులోకే వస్తాయి. పట్టుకుంటే తీసేసుకుంటారు. ఏముందిలే, మా అమ్మ నెయ్యే గదా అనొద్దు. మన దేశంలో గాలికుంటు ఇంకా ఉంది. ఇక్కడి రైతు కూడా మన పొరుగువాడే. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞకు పాస్‌పోర్టు తేడా లేదు.

ఇంటికాడ కూడా అంతే. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. 2019లో మొదలైన జాతీయ పథకంలో ఇది ఉంది. ఈసుడు రోగానికి కూడా, నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి టీకా ఉంది. టీకా వేస్తే పాలు తగ్గుతాయని కొందరు దాక్కుంటారు. రెండు మూడు రోజులు కాస్త తగ్గొచ్చు. రోగం వస్తే ఆ ఈత మొత్తం పోతుంది, పక్కింటి బర్రెకు కూడా అంటుకుంటుంది. ఈసుకుపోయిన పిల్లను, మాయను వట్టి చేతులతో ఎత్తొద్దని, లోతుగా పాతిపెట్టమని, పచ్చిపాలు తాగొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఆ జ్వరం మనుషులకు కూడా వస్తుంది, నెలల తరబడి పీడిస్తుంది.

*8. ఏశావు వేగం, యాకోబు నడక*

ఇప్పుడు మన మూల వాక్యానికి వస్తాను. 20 ఏండ్ల తర్వాత యాకోబు ఇంటిదారి పట్టినాడు. అన్న ఏశావు 400 మందితో ఎదురొచ్చినాడు. కౌగిలించుకున్నాడు, ఏడ్చినారు. తర్వాత ఏశావు, పద, కలిసి పోదాం అన్నాడు. మంచి మాటే. కానీ ఏశావు నడక 400 మంది మగవాళ్ల నడక. యాకోబు వినయంగా, అయ్యా, పిల్లలు పసివాళ్లు, గొర్రెలు, పశువులు పాలిచ్చేవి, ఒక్కరోజు గట్టిగా తోలితే మంద అంతా చస్తుంది, నేను వాటి నడకను బట్టి, పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నాడు.

ఒక్కరోజు. ఇరవై ఏండ్లు కాపాడిన మంద ఒక్కరోజు తొందరలో పోతుందని ఆయనకు తెలుసు.

మనల్ని తోలే ఏశావులు ఎంతమంది ఉన్నారు! ఏజెంటు అప్పు తోలుతుంది. చీటీ తోలుతుంది. ఫలానావాడు మూడేండ్లలో మేడ కట్టినాడు, నీవేం చేసినావు అని చుట్టాల మాట తోలుతుంది. ఆ తోలుడు మనం ఫోనులో ఇంటికి పంపుతాం. ఇంట్లోవాళ్లు దాన్ని పశువు మీదికి, పిల్లల మీదికి పంపుతారు. చివరికి ఆ కర్రదెబ్బ ఎవరి మీద పడుతుందంటే, అందరికంటే బలహీనమైన దాని మీద. పాలిచ్చేదాని మీద, చూడి మోసేదాని మీద, పసివాని మీద.

యాకోబు తన వేగాన్ని బలవంతుని కాలితో కొలవలేదు. మందలో అందరికంటే మెల్లగా నడిచేదాని కాలితో కొలిచినాడు. ఆలస్యంగా చేరినాడు, కానీ అందరితో చేరినాడు. 17వ వచనం చూడండి. సుక్కోతు చేరి తనకొక ఇల్లు కట్టుకున్నాడు, పశువులకు పాకలు వేసినాడు. ఆ ఊరికి పేరు ఆయన ఇంటిని బట్టి రాలేదు, ఆ పాకలను బట్టి వచ్చింది. సుక్కోతు అంటేనే పాకలు.

ఇది యాకోబు ఎక్కడ నేర్చుకున్నాడు? తన దేవుని దగ్గర నేర్చుకున్నాడు. యెషయా 40వ అధ్యాయం 11వ వచనం తీయండి. మన కాపరి గొర్రెపిల్లలను చేతులతో ఎత్తుకుని రొమ్మున ఆనించుకుంటాడని, పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడని అక్కడ ఉంది. యేసుప్రభువు అదే కాపరి. ఆయన మనల్ని లీటర్లతో కొలవడు. ఈ నెల ఎంత పంపినావని అడిగే ముందు, ఎట్లా ఉన్నావని అడిగే ప్రభువు ఆయన. వట్టిపోయిన కాలంలో కూడా మేత తగ్గించని యజమాని ఆయన. పని పోయి రూములో కూర్చున్న తమ్ముడా, వీసా తీరి భయపడుతున్న చెల్లీ, మీకు ఈ మాట.

*ఈ వారం చేయండి*

ఈ రాత్రి ఫోను చేసినప్పుడు లీటర్ల సంగతి చివరికి పెట్టండి. ముందు, నువ్వు నిద్రపోయినావా అని అడగండి. తర్వాత, దూడ తాగిందా అని అడగండి. తర్వాత, బర్రె మేత తిన్నదా, నెమరు వేస్తోందా అని అడగండి. మూడింటికీ అవును అని వస్తే, లీటర్లు అవే వస్తాయి. ఏదైనా ఒకదానికి లేదు అని వస్తే, ఆ రోజు మీ పని డబ్బు పంపడం, డాక్టరును పిలిపించడం, ఆమెతో ఓపికగా మాట్లాడటం.

ప్రార్థన చేద్దాం.

ప్రభువా, యాకోబు దేవా, పరాయి దేశంలో కూలి చేసినవాని కష్టం చూసినావు. మా కష్టం కూడా నీ కళ్ల ముందు ఉంది. మా ఇండ్లల్లో ఉన్న తల్లులను, భార్యలను, పసిపిల్లలను బలపరచు. మా కొట్టాల్లో ఉన్న మూగజీవులను రోగం నుంచి, మా తొందర నుంచి కాపాడు. చూడివాటికి సుఖంగా ఈనే దయ ఇవ్వు. మా నోటి మాటలో కర్ర లేకుండా చెయ్యి. మమ్మల్ని మెల్లగా నడిపించు, అందరినీ ఇల్లు చేర్చు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

ఇంటికాడ పాడి ఉన్న మీ స్నేహితులకు దీన్ని పంపండి. మీ ఇంట్లోవాళ్లకు చదవడం రాకపోతే, మీరే చదివి వాయిస్ పెట్టి పంపండి. వచ్చే వారం రూతు గ్రంథం, పరిగె ఏరుకున్న పరదేశి ఆడబిడ్డ గురించి ధ్యానిద్దాం. ప్రభువు కృప మీకు తోడుగా ఉండును గాక. 🙏